పట్టు, విడుపు: ఒక ఇంగ్లీషు క్రియ, ఒక ఉప్పల్ దారి

మొన్నొక ఆదివారం నాచారంలో మా చెల్లెలి ఇంటికి వెళ్ళాను. మేనకోడలు ఇంగ్లీషు పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, పెన్ను చివర కొరుకుతూ కూర్చుని ఉంది. నన్ను చూడగానే ప్రశ్న వేసింది.

"మామయ్యా, పర్సివియర్ అంటే పట్టుదలతో పనిచెయ్యటం అని రాసుకున్నాను. పర్సిస్ట్ అన్నా అదే రాసుకున్నాను. అర్థం ఒకటే అయితే మాటలు రెండెందుకు?"

ఆ క్షణాన తోచిన సమాధానమేదో చెప్పాను. నాకే తృప్తి కలగలేదు. పిల్ల నా ముఖం చూసి, వాళ్ళమ్మ వంటింట్లో ఉందని నిర్ధారించుకుని, గొంతు తగ్గించి రెండో ప్రశ్న వేసింది. "తాతయ్య చేసింది ఈ రెండిట్లో ఏది?"

తాతయ్య అంటే మా బాబాయి. నాచారం పారిశ్రామికవాడలో ఒక కర్మాగారంలో ఫిట్టరుగా పనిచేసేవాడు. దాని పేరు ఇక్కడ అనవసరం. ఒకనాడు పొద్దున వెళ్ళేసరికి గేటుకు తాళం ఉంది. జీతం బకాయిలు, గ్రాట్యుటీ అన్నీ లోపలే ఉండిపోయాయి. మిగిలినవాళ్ళు నెలో రెండు నెలలో చూసి తలోదారి వెతుక్కున్నారు. బాబాయి మాత్రం నాలుగేళ్ళపాటు రోజూ షిఫ్టు వేళకు టిఫిన్ క్యారేజీ పట్టుకుని ఆ గేటు దగ్గరికి వెళ్ళి వచ్చేవాడు. తెరుస్తారన్న నమ్మకం. లేత్ పని ఇస్తామని ఇంటికి వచ్చిన మనిషిని కూడా తిప్పి పంపేశాడు. ఆ నాలుగేళ్ళూ పిన్ని కుట్టుమిషను మీద ఇల్లు నడిచింది. బంధువుల్లో కొందరు దాన్ని పట్టుదల అన్నారు, కొందరు మొండితనం అన్నారు. అదేమిటో తేల్చకుండానే ఆయన వెళ్ళిపోయాడు. మనుమరాలు ఇప్పుడు తేల్చమంటోంది.

తిరుగుప్రయాణంలో మెట్రో ఎక్కాను. ఉప్పల్, స్టేడియం, ఎన్‌జీఆర్‌ఐ, హబ్సిగూడ. ఏళ్ళ తరబడి బస్సులో, ఇప్పుడు మెట్రోలో ఈ దారిన తిరుగుతూనే ఉన్నాను. ఆ పిల్ల అడిగినదానికి సమాధానం ఈ దారి పొడవునా పరచుకుని ఉందన్న సంగతి ఆ రోజే తట్టింది. ముందు మాటల పుట్టుక చూసి, తరువాత దారి సంగతికి వస్తాను.

*

పర్సివియర్ అన్న క్రియ ఇంగ్లీషులోకి పద్నాలుగో శతాబ్దంలో ఫ్రెంచి ద్వారా వచ్చింది. ఫ్రెంచికి అది లాటిన్ ఇచ్చిన మాట. లాటిన్‌లో 'పెర్సెవెరారె'. అందులో 'పెర్' అన్నది ఉపసర్గ. ఆసాంతం, పూర్తిగా అన్న అర్థాన్నిస్తుంది. తక్కిన భాగం 'సెవెరుస్' అన్న విశేషణం నుంచి వచ్చింది. దానికి కఠినమైన, నియమం తప్పని, గంభీరమైన అని అర్థాలు. ఇంగ్లీషువారి 'సివియర్' కూడా ఇదే. అంటే అక్షరార్థం చూస్తే పర్సివియర్ అనగా చివరంటా కాఠిన్యం పాటించటం. చాలామంది విద్యార్థులు ఇందులో ఖండించటమనే అర్థమున్న 'సెవర్' అన్న మాట ఉందనుకుని తికమకపడతారు. ఆ మాటకూ దీనికీ చుట్టరికం లేదు. అది విడదీయటమనే అర్థమున్న 'సెపరారె' అన్న వేరే లాటిన్ క్రియ నుంచి పుట్టింది.

ఛందస్సు తెలిసిన పాఠకులకు ఒక చిన్న విశేషం. షేక్‌స్పియర్ నాటకాల్లో ఈ క్రియను ఇప్పటిలా చివరి అక్షరం మీద ఊనిక పెట్టి చదివితే పాదం కుంటుతుంది. ఆ కాలంలో ఊనిక రెండో అక్షరం మీద ఉండేది, 'పర్సెవర్' అన్నట్టుగా. నాలుకల మీద మారిపోయిన ఉచ్చారణ పద్యంలో భద్రంగా మిగిలింది. యతిప్రాసల సాయంతో పాత తెలుగు మాటల రూపాలు నిర్ణయించే మన పండితులకు ఇది కొత్త సంగతేమీ కాదు.

ఈ మాట బతుకులో మతం పాత్ర చాలా ఉంది. క్రీ.శ. అయిదవ శతాబ్ది తొలి భాగంలో సెయింట్ అగస్టీన్ పట్టుదలను దైవం ప్రసాదించిన వరంగా నిరూపిస్తూ ఒక గ్రంథమే రాశాడు. చివరిదాకా విశ్వాసంలో నిలవటం మనిషి శక్తి వల్ల కాదనీ, అది దేవుడి దయ అనీ ఆయన వాదం. 1618–19లో హాలండులోని డోర్ట్ నగరంలో సమావేశమైన ప్రొటెస్టెంటు పెద్దలు దీన్ని ఒక సిద్ధాంతంగా స్థిరపరిచారు. తరువాతి శతాబ్దాల్లో మాట గుడి దాటి బజారులోకి వచ్చింది. 1859లో శామ్యూల్ స్మైల్స్ స్వయంకృషిని కీర్తిస్తూ పుస్తకం రాసేనాటికి అది యంత్రాలు కనిపెట్టినవారికీ, వ్యాపారాలు నిలబెట్టినవారికీ చెందిన సుగుణమైపోయింది. 2021 ఫిబ్రవరి 18న అంగారక గ్రహం మీద దిగిన నాసా వాహనానికి పెట్టిన పేరు కూడా దీని నామవాచక రూపమే.

అయితే లాటిన్ వాళ్ళకే ఈ మాటంటే ఒక అనుమానం ఉండేది. పొరపడటం మానవ సహజం, పొరపాటులో పట్టుబట్టి కొనసాగటం మాత్రం సైతాను లక్షణం అని వారికొక సామెత ఉంది. ఆ సామెతలో రెండో భాగానికి వాడిన క్రియ ఈ పెర్సెవెరారె. అంటే సద్గుణానికీ దుర్గుణానికీ వారు వాడినది ఒకే మాట.

*

ఇక పర్సిస్ట్. దీని లాటిన్ మూలం 'పెర్సిస్తెరె'. ఇక్కడ కూడా 'పెర్' అదే. 'సిస్తెరె' అంటే నిలబడటం, నిలబెట్టటం. ఇక్కడ మనకొక దగ్గరి చుట్టం కనిపిస్తాడు. సంస్కృతంలో 'స్థా' ధాతువుకు వర్తమానంలో 'తిష్ఠతి' అని రూపం. ధాతువులోని ఒక హల్లును ముందొకసారి పలికి రెట్టించే ఈ పద్ధతి లాటిన్ 'సిస్తో'లోనూ ఉంది. రెండూ ఒకే ప్రాచీన మూలం నుంచి వచ్చిన రూపాలని భాషాశాస్త్రం తేల్చింది. సంస్కృతం, గ్రీకు, లాటిన్ భాషల మధ్య ఇటువంటి పోలికలు యాదృచ్ఛికం కావని విలియం జోన్స్ కలకత్తాలో 1786 ఫిబ్రవరి 2న చేసిన ప్రసంగంతో ఈ శాస్త్రానికి ఊపు వచ్చింది.

మనం స్థిరం, స్థానం, ప్రతిష్ఠ, అనుష్ఠానం అంటున్నప్పుడల్లా ఆ ధాతువునే పలుకుతున్నాం. 'నిష్ఠ' అన్నా అదే. పిలవని చుట్టం వచ్చి పదిరోజులు కదలకపోతే 'తిష్ఠ వేశాడు' అంటాం. పర్సిస్ట్ అన్న మాటకు నిఘంటువులు ఎన్ని అర్థాలిచ్చినా వంశవృక్షం చూస్తే దానికి దగ్గరి తెలుగు మాటలు రెండు: నిష్ఠ, తిష్ఠ. ఒకటి గౌరవం, ఒకటి వెక్కిరింత. ఇంగ్లీషులోనూ ఈ క్రియకు తనంతట మంచీ చెడూ లేవు. మనిషీ పర్సిస్ట్ అవుతాడు, దగ్గూ పర్సిస్ట్ అవుతుంది. దగ్గు పర్సివియర్ అయిందని మాత్రం ఎవరూ అనరు. దానికి ప్రయత్నమూ, ఎదురయ్యే కష్టమూ, కష్టపడుతున్నానన్న ఎరుకా ఉండాలి. మా మేనకోడలి మొదటి ప్రశ్నకు ఇది సమాధానం.

ఇవన్నీ సంస్కృత కుటుంబపు మాటలు. మనం నిజంగా రోజూ వాడుకునేది పట్టుదల. ఇది అచ్చ తెలుగు. తమిళంలో 'పఱ్ఱు', కన్నడంలో 'పట్టు' దీని తోబుట్టువులు. దక్షిణాది భాషలు సంస్కృతజన్యాలు కావనీ, వాటిది వేరే కుటుంబమనీ ఎల్లిస్ దొర ఎత్తిచూపినది కూడా తెలుగు ఆధారంగానే. 1816లో మద్రాసులో అచ్చయిన కాంబెల్ తెలుగు వ్యాకరణానికి ఆయన రాసిన పీఠికలో ఆ వాదన ఉంది. 'పట్టు'కు చివర 'దల' చేరితే పట్టుదల, 'పెరుగు'కు చేరితే పెరుగుదల, 'విడు'కు చేరితే విడుదల.

లాటిన్‌వాడు నిలబడ్డాడు, నియమం పాటించాడు. తెలుగువాడు చేత్తో పట్టుకున్నాడు. మనకు ఉడుంపట్టు ఉంది. పట్టు వదలని విక్రమార్కుడున్నాడు. ముసురు పడుతుంది, జబ్బు పట్టుకుంటుంది, దయ్యం పడుతుంది, ఎవరైనా మన మాట వినకపోతే వాడికి పిచ్చి పట్టింది. పట్టు అన్నది గుణమో రోగమో ఈ క్రియ చెప్పదు. ఆ సంగతి ఎరిగే కాబోలు మన పెద్దలు దాన్ని ఒంటరిగా వదలలేదు. పట్టూ విడుపూ ఉండాలన్నారు. విడుపు లేని పట్టు ఎలా ఉంటుందో చూపించటానికి, తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు అన్న సామెత చేశారు. లాటిన్ సామెతలో సైతాను చేసిన పనిని మన సామెతలో కుందేలు చేస్తుంది.

*

ఇప్పుడు దారి సంగతి. ఉప్పల్‌లో సర్వే ఆఫ్ ఇండియా వారి శిక్షణ సంస్థ ఉంది. ఆ సర్వే శాఖ పుట్టింది 1767లో. దాని చరిత్రలో అతి పెద్ద అధ్యాయం 1802 ఏప్రిల్ 10న మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర మొదలైంది. విలియం లాంబ్టన్ ఆ రోజున అక్కడ ఆధారరేఖ కొలవటం ప్రారంభించాడు. కన్యాకుమారి నుంచి హిమాలయాల దాకా 78వ రేఖాంశం వెంబడి భూమిని త్రిభుజాలుగా కొలుచుకుంటూ పోవాలన్నది తరువాత రూపుకట్టిన సంకల్పం. ఆ రేఖాంశం ఉప్పల్‌కు పడమరగా దాదాపు 60 కిలోమీటర్ల దూరంలో పోతుంది. కోణాలు కొలిచే థియొడలైట్ బరువు సుమారు అర టన్ను. 1808లో తంజావూరు గుడి గోపురం మీదికి దాన్ని ఎక్కిస్తుండగా మోకు తెగి, యంత్రం గోడకు కొట్టుకుని, దాని చక్రం వంకరపోయింది. అటువంటిది ఇంకొకటి ఇంగ్లండు నుంచి రావాలంటే ఏళ్ళు పడుతుంది. లాంబ్టన్ ఆరు వారాలు కూర్చుని ఆ చక్రాన్ని కొద్దికొద్దిగా లాగి సరిచేసి మళ్ళీ పనిలోకి దించాడు.

లాంబ్టన్ చివరి ఏళ్ళలో హైదరాబాదు మకాంగా పనిచేశాడు. 1818లో జార్జి ఎవరెస్ట్ అనే యువకుడు సహాయకుడుగా వచ్చి చేరింది హైదరాబాదులోనే. మరుసటి ఏడు కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో కొలతలకు వెళ్ళి, వానాకాలం జ్వరాలకు దళమంతా కుప్పకూలింది. ఎవరెస్ట్ కూడా మంచమెక్కి, ఆరోగ్యం కోసం ఓడెక్కి దక్షిణాఫ్రికా దాకా పోవలసివచ్చింది. లాంబ్టన్ మాత్రం ఆగలేదు. ఉత్తరంగా నాగపూరు వైపు ప్రయాణిస్తూ 1823 జనవరి 20న హింగన్‌ఘాట్‌లో కన్నుమూశాడు. అప్పటికి ఆయనకు దాదాపు డెబ్బయి ఏళ్ళు. పని మొదలై ఇరవై ఏళ్ళు దాటింది, దేశంలో సగమే పూర్తయింది. ఆ తరువాతి సగం ఎవరెస్ట్ పూర్తిచేశాడు. ఈ కొలతల్లో జెండాలు మోసినవారూ, గొలుసులు పట్టినవారూ, అడవి నరికినవారూ, జ్వరాలకు పోయినవారూ ఎందరో మన దేశస్థులు. వారి పేర్లు ఏ శిఖరానికీ పెట్టలేదు.

ఇదంతా పట్టుదలకు చక్కని ఉదాహరణ అని ఇక్కడే ఆపవచ్చు. పాఠ్యపుస్తకాలు ఇక్కడే ఆపుతాయి కూడా. కాని కథలో మలుపు ఇక్కడి నుంచే ఉంది.

ఇప్పటి మధ్యప్రదేశ్‌లోని కల్యాణ్‌పూర్‌కూ, ఢిల్లీకి ఉత్తరాన ఉన్న కలియానాకూ మధ్య దూరాన్ని ఎవరెస్ట్ రెండు విధాల లెక్కించాడు. ఒకటి త్రిభుజాలతో నేలమీద, రెండవది నక్షత్రాలను చూసి ఆకాశం మీద. రెండు స్థలాల మధ్య సుమారు 600 కిలోమీటర్లుంటుంది. రెండు లెక్కలకూ 5.236 వికలల తేడా వచ్చింది. నేలమీద అది దాదాపు 160 మీటర్లు. ఇంత దూరానికి అంత తేడా ఎవరికీ లెక్కలోనిది కాదు. అది కొలతల్లో పేరుకున్న పొరపాటని భావించి, ఎవరెస్ట్ దాన్ని రేఖ పొడవునా పంచి సర్దివేశాడు.

కలకత్తాలో ఆర్చిడీకన్‌గా ఉన్న జాన్ ప్రాట్‌కు ఆ సర్దుబాటు నచ్చలేదు. ఆయన మతాధికారే గాని గణితం బాగా తెలిసినవాడు. హిమాలయాల వంటి మహాపర్వతాల ఆకర్షణ వల్ల సీసపుగుండు నిలువుగా వేలాడక పక్కకు ఒరగాలి. గుండు ఒరిగితే నక్షత్రాల లెక్క తప్పుతుంది. ఎంత ఒరగాలో గుణించి చూస్తే 1855 నాటి ఆయన లెక్కలో 15.885 వికలలు వచ్చింది. వాస్తవంగా కనిపించిన తేడా అందులో మూడో వంతే. అంటే చిక్కు విడిపోవటానికి బదులు మరింత పెద్దదైంది. అంత పెద్ద కొండలు ఉండవలసినంతగా ఎందుకు లాగటం లేదు? అదే ఏడాది జార్జి ఎయిరీ ఒక సమాధానం చెప్పాడు. నీటిలో తేలే దుంగకు అడుగు భాగం ఉన్నట్టే, కొండల కింద తేలికైన శిల లోతుగా దిగి ఉందన్నాడు. కొండలకు వేళ్ళున్నాయన్నమాట. భూమి పైపొర సమతూకంలో తేలుతున్నదన్న సిద్ధాంతం ఈ చర్చలోంచే పుట్టింది.

సర్వే ఆఫ్ ఇండియా వారి ఉప్పల్ ఆవరణ దాటి హబ్సిగూడ వైపు వెళితే జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ వస్తుంది. 1961లో ఏర్పడిన ఎన్‌జీఆర్‌ఐ ఇదే. గురుత్వాకర్షణలో ఒకచోటికీ మరొకచోటికీ ఉండే సూక్ష్మమైన తేడాలను కొలిచి, నేల అడుగున ఏముందో ఊహించటం ఆ సంస్థ పనుల్లో ఒకటి. ఒకప్పుడు పొరపాటని సర్దివేసిన తేడా ఇక్కడ ఒక శాస్త్రంగా బతుకుతోంది. ఎవరెస్ట్ కొలతను పట్టుకున్నాడు. అది మహాకార్యమే. ప్రాట్ తేడాను పట్టుకున్నాడు. ఆ పట్టు లేకపోతే కొండల వేళ్ళు కనబడేవి కావు.

*

అదే ఉప్పల్ రోడ్డు మీద సీసీఎంబీ ఉంది. 1977లో పుష్పమిత్ర భార్గవ నాయకత్వంలో మొదలైన ఆ కేంద్రపు ప్రస్తుత ప్రాంగణాన్ని 1987 నవంబరు 26న నాటి ప్రధాని రాజీవ్ గాంధీ జాతికి అంకితం చేశారు. ఆ ఏడే లాల్జీ సింగ్ అందులో చేరారు. ఉత్తరప్రదేశ్ జౌన్‌పూర్ జిల్లా కల్వారి గ్రామంలో 1947 జులై 5న పుట్టిన మనిషి. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో పాముల క్రోమోజోముల మీద పరిశోధన చేశారు. ఆడపాముకూ మగపాముకూ తేడా ఏ క్రోమోజోములో, ఎక్కడ ఉంది అన్నది ఆయన ప్రశ్న. 1974లో ఎడిన్‌బరో వెళ్ళి అదే ప్రశ్నతో ఏళ్ళు గడిపారు. పట్టీల కట్లపాము డీఎన్ఏ నుంచి ఒక అంశాన్ని వేరుచేశారు. దానికి బీకేఎం అని పేరు. నాలుగక్షరాల ఒక చిన్న వరస అందులో పదేపదే వస్తుంది. పాములోనే గాక మనిషితో సహా ఎన్నో జీవుల్లో ఆ వరస కనిపించింది.

ఇంతలో 1984 సెప్టెంబరు 10న లెస్టర్ విశ్వవిద్యాలయంలో ఆలెక్ జెఫ్రీస్ మనుషుల డీఎన్ఏలో మనిషికొక తీరుగా ఉండే గీతల వరుసను గుర్తించాడు. వేలిముద్రలాగా అది ఒక్కొక్కరికి ప్రత్యేకం. ఆ పద్ధతికి అప్పట్లో పేటెంటు రక్షణ ఉండేది. లాల్జీ సింగ్ 1988లో తన పాము అంశంతోనే మనుషులను గుర్తించే స్వదేశీ విధానాన్ని సీసీఎంబీలో నిలబెట్టారు. 1989లో కేరళలోని తలశ్శేరి కోర్టులో ఒక పితృత్వ వివాదంలో సీసీఎంబీ పరీక్ష సాక్ష్యంగా నిలిచింది. మన దేశంలో ఇటువంటి సాక్ష్యానికి అది మొదటి సందర్భం. తన బిడ్డకు తండ్రెవరో చెప్పినా ఎవరూ నమ్మని ఒక తల్లి మాటే నిజమని తేలింది.

1996లో ఈ పనికోసమే ప్రత్యేకంగా సీడీఎఫ్‌డీ అన్న డీఎన్ఏ కేంద్రం ఏర్పడింది. చాలా ఏళ్ళు అది నాచారంలో, ఈసీఐఎల్ రోడ్డు మీద పనిచేసింది. ఇప్పుడు దాని సొంత ప్రాంగణం ఉప్పల్‌లో ఉంది. బాబాయి టిఫిన్ క్యారేజీతో నడిచిన నాచారంలోనే, దేశం నలుమూలల కోర్టుల నుంచి సీలు వేసిన నమూనాలు వచ్చి పడుతుండేవి.

ఈ విద్య అసలు గొప్పదనం ఎక్కడుందో జెఫ్రీస్ మొదటి నేర పరిశోధన చెబుతుంది. లెస్టర్‌షైర్‌లో 1983లో ఒకరు, 1986లో మరొకరు, ఇద్దరు బాలికలు హత్యకు గురయ్యారు. పోలీసులు పదిహేడేళ్ళ యువకుణ్ణి పట్టుకున్నారు. రెండో హత్య తానే చేశానని అతడు ఒప్పుకున్నాడు కూడా. మొదటిదీ అతడిదేనని నిరూపించటానికి పోలీసులు జెఫ్రీస్‌ను ఆశ్రయించారు. పరీక్ష చేస్తే రెండు హత్యలూ ఒకే మనిషి చేసినవని తేలింది, ఆ మనిషి ఈ యువకుడు కాదనీ తేలింది. కుందేటికి నాలుగు కాళ్ళూ కనబడ్డాయి. పోలీసులు తమ నిర్ణయాన్ని వదిలి, ప్రశ్నను మాత్రం వదలకుండా, చుట్టుపక్కల వేలమంది పురుషుల నమూనాలు సేకరించారు. అసలు హంతకుడు తన బదులు మరొకరి చేత రక్తం ఇప్పించి తప్పించుకోజూశాడు. ఆ సంగతి పొక్కి 1987లో దొరికాడు, 1988 జనవరిలో శిక్ష పడింది. అక్కడ ఒప్పుకోలు కాగితాన్ని పట్టుకుని కూర్చుని ఉంటే ఒక నిర్దోషి జైలుకు పోయేవాడు, హంతకుడు ఊళ్ళో తిరిగేవాడు.

*

ఇక స్టేడియం స్టేషను. ఉప్పల్ మైదానంలో 2024 జనవరిలో ఇంగ్లండుతో జరిగిన టెస్టు చాలామందికి జ్ఞాపకం ఉంటుంది. ఇంగ్లండు 246, మనవాళ్ళు 436. మొదటి ఇన్నింగ్సులో 190 పరుగుల ఆధిక్యం. ఆట మూడు రోజుల్లో ముగుస్తుందనుకుంటే ఓలీ పోప్ ఒక్కడే 196 పరుగులు చేశాడు. బంతిని సంప్రదాయంగా ఆడి ప్రయోజనం లేదని గ్రహించి, స్వీపులూ రివర్స్ స్వీపులతో మన స్పిన్నర్ల లెక్క తప్పించాడు. తొలి టెస్టు ఆడుతున్న టామ్ హార్ట్‌లీ మొదటి ఇన్నింగ్సులో తన మొదటి బంతికే సిక్సరు తిన్నవాడు, రెండో ఇన్నింగ్సులో ఏడు వికెట్లు తీశాడు. 231 పరుగులు కావలసిన మనం 202 దగ్గర ఆగి 28 పరుగుల తేడాతో ఓడాం. ఓటమి బాధ ఓటమిదే. అయినా ఆ రెండు ఇన్నింగ్సుల్లో నాకు కనిపించినది ఒకటుంది. పోప్ వికెట్ దగ్గర నిలబడి ఊరుకోలేదు. నిలబడి, ఆడే తీరు మార్చుకున్నాడు.

భర్తృహరి నీతిశతకంలో మనుషులు మూడు రకాలని ఉంటుంది. ఆటంకాలు వస్తాయని మొదలే పెట్టనివారు, మొదలుపెట్టి ఆటంకం రాగానే వదిలేవారు, ఎన్ని వచ్చినా విడవనివారు. ఏనుగు లక్ష్మణకవి తెనిగించిన ఆ పద్యం మన తరం బళ్ళో కంఠస్థం చేసినదే. నాలుగో రకం మనిషి ఒకడున్నాడని ఇంత వయసు వచ్చాక నాకు తోస్తోంది. పట్టినదానిలో దేన్ని ఉంచుకోవాలో, దేన్ని విడవాలో వేరుచేయగలవాడు. లాంబ్టన్ చక్రం సరిచేసినా, ప్రాట్ తేడాను తవ్వినా, లెస్టర్‌షైర్ పోలీసులు తమ ముద్దాయిని విడిచిపెట్టినా చేసినది ఈ పనే. 'సెవెరుస్' అన్న మాటలోని కాఠిన్యం లోకం మీద చూపించేది కాదేమో, తన లెక్క మీద, తన నమ్మకం మీద తాను చూపించుకునేది కాబోలునని ఒక ఊహ. నిఘంటువు ఇంత చెప్పదు. ఇది నా వ్యాఖ్యానం మాత్రమే.

*

మా బాబాయి కథలో ఆ పిల్లకు తెలియని భాగం ఒకటుంది. పిన్ని నాకు ఆలస్యంగా చెప్పింది. అయిదో ఏట ఒకరోజు పిన్నికి జ్వరం వచ్చి మిషను దగ్గర కూర్చోలేకపోయింది. కుట్టవలసిన జాకెట్లు గుట్టగా పడి ఉన్నాయి. బాబాయి క్యారేజీ పట్టుకుని గుమ్మం దాకా వెళ్ళి, ఆ గుట్ట వైపు చూసి, వెనక్కు వచ్చి కూర్చున్నాడట. మర్నాడు లేత్ పని ఇస్తామన్న మనిషిని తానే వెతుక్కుంటూ వెళ్ళాడు. నలభై దాటిన వయసులో పద్దెనిమిదేళ్ళ కుర్రవాళ్ళ పక్కన నిలబడి కొత్త పని నేర్చుకున్నాడు. గేటు దగ్గరికి మళ్ళీ వెళ్ళలేదు. బకాయిల కేసు మాత్రం వదల్లేదు. వాయిదా ఉన్న ప్రతిసారీ ఒక పూట జీతం పోగొట్టుకుని కార్మిక న్యాయస్థానానికి వెళ్ళేవాడు. కాగితాలన్నీ తేదీల వారీగా ఒక పాత రేకుపెట్టెలో పెట్టుకునేవాడు. పదకొండేళ్ళకు రావలసినదాంట్లో సగానికి కాస్త తక్కువ వచ్చింది. దానితో మా చెల్లెలి పెళ్ళి చేశాడు.

తరువాతి ఆదివారం మళ్ళీ నాచారం వెళ్ళి ఈ కథంతా మేనకోడలికి చెప్పాను. వాళ్ళమ్మ కూడా వంటింటి గుమ్మంలో నిలబడి వింది.

"మొదటి నాలుగేళ్ళూ పర్సిస్ట్, ఆ తరువాతి పదకొండేళ్ళూ పర్సివియర్" అన్నాను.

పిల్ల కాసేపు ఆలోచించింది. "అయితే గేటు దగ్గర నిలబడ్డ నాలుగేళ్ళూ దండగేనా మామయ్యా?" అంది.

దీనికి నా దగ్గర వెంటనే సమాధానం లేదు. మా చెల్లెలే అందుకుంది. "ఆ నాలుగేళ్ళలో ఏ రోజు ఎవరొచ్చి ఏ మిషను లోపలి నుంచి తీసుకుపోయారో మీ తాతయ్య ఒక నోటుబుక్కులో రాసుకునేవాడు. కోర్టులో చివరికి పనికొచ్చింది ఆ పుస్తకమే" అని చెప్పి లోపలికి వెళ్ళిపోయింది.

ఆ నోటుబుక్కు సంగతి నాకూ అప్పటిదాకా తెలియదు. పిల్ల తన పుస్తకంలో రెండు మాటలకూ ఎదురుగా రాసుకున్న 'పట్టుదల'ను కొట్టివేయబోయి, ఆగి, అలాగే ఉంచింది.